మండువా ఇంట్లో నీళ్ళ పొయ్యి: రెండున్నర కిలోల కట్టె నుంచి కిలోంపావు దాకా

కోనసీమలో ఇల్లు వెచ్చబెట్టుకునే అవసరం ఎవరికీ రాదు. ఇక్కడ కట్టె కాలేదల్లా నీళ్ళకే. కార్తీకం నుంచి శివరాత్రి దాకా మా ఇంట్లో పొద్దున్నే పెద్ద డేగిసాడు వేడినీళ్ళు కావాలి. కొబ్బరి తోటలో రాలే మట్టలు, కాయ ఒలిచిన డొక్కలు ఎటూ ఉన్నాయి కాబట్టి గీజరు మాట ఎవరూ ఎత్తరు.

ఇల్లు పాత మండువా లోగిలి. తాటి దూలాలు, పైన పెంకు. పొయ్యి వెనక వసారాలో, దాని పైన అటక, అటక మీద కురిడీకి ఎండబెట్టిన కొబ్బరికాయలు. ఈ వివరాలు గుర్తు పెట్టుకోండి. కింద వచ్చే చిక్కులు సగం వీటివల్లే వచ్చాయి.

పనిముట్లు, కొలిచే పద్ధతి

వేలాడదీసే డిజిటల్ కాటా 350 రూపాయలు. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తీగతో సహా మల్టీమీటరు 700. గాలి ఎటు లాగుతోందో చూడటానికి అగరవత్తి. ఇంతకు మించి ఏమీ కొనక్కర్లేదు.

ప్రతి పరీక్షా ఒకేలా చేశాను:

1. డేగిసాలో 30 లీటర్లు పోసి మూత పెట్టాలి. ఆరంభంలో నీళ్ళు ఎంత చల్లగా ఉన్నా సరే, 36 డిగ్రీలు పెరిగేదాకా కాచాలి. మాకు 24 నుంచి 60.
2. పొయ్యి పూర్తిగా చల్లారి ఉండాలి. నిన్నటి వేడి మిగిలి ఉంటే లెక్క తప్పుతుంది.
3. కట్టె ముందు తూచాలి. నీళ్ళు కాగాక మంట ఆర్పి, మిగిలిన కట్టెను, బొగ్గును విడివిడిగా తూచాలి. బొగ్గులో కిలోకి కట్టెకు దాదాపు రెట్టింపు వేడి ఉంటుంది కాబట్టి బొగ్గు బరువును రెండింతలు చేసి తీసేయాలి.

లెక్క: 30 లీటర్లు × 36 డిగ్రీలు × 4.186 = 4,521 కిలోజౌళ్ళు, అంటే నాలుగున్నర మెగాజౌళ్ళు. నీడన ఆరిన సరుగుడు కట్టెకు కిలోకి 15 మెగాజౌళ్ళు వేసుకున్నాను.

పాత మూడు రాళ్ళ పొయ్యి: 2.6 కిలోల సరుగుడు, ముప్పావు గంట. కట్టెలో ఉన్న 39 మెగాజౌళ్ళలో నీళ్ళలోకి చేరింది పన్నెండు శాతం కూడా లేదు. మూడు రాళ్ళ మీద ఎవరు కాచినా 10 నుంచి 15 శాతం మధ్యే వస్తుంది కాబట్టి మా పొయ్యిని ప్రత్యేకంగా తిట్టడానికి లేదు.

ఖర్చు ఇప్పటికి: 1,050

మొదటి దశ: ఉత్త ఇటుకలతో రాకెట్ పొయ్యి

నమూనా 1980ల్లో అమెరికాలో లారీ వినియార్‌స్కీ రూపొందించిన రాకెట్ పొయ్యిదే. అడ్డంగా చిన్న నోరు, దాని చివర నిలువు గూడు. కట్టె కొసలు మాత్రమే కాలతాయి. మంట ఆ నిలువు గూట్లోనే పొగను కూడా కాల్చుకుని గిన్నెను చేరుతుంది.

1. నేల నుంచి అడుగు ఎత్తు దిమ్మె. మా డెల్టాలో వానాకాలం నేలలో చెమ్మ పైకి పాకుతుంది. దిమ్మె లేకపోతే ఆ చెమ్మను ఆరబెట్టడానికే బోలెడు మంట పోతుంది.
2. నోరు 5 అంగుళాలు, గూడు ఎత్తు 14 అంగుళాలు. గూడు వెడల్పుకు ఎత్తు రెండు మూడింతలు ఉండాలి.
3. నోటి మధ్యలో ఇనప పలక. పైన కట్టె, కింద గాలి.

నోరు చూసి తాపీ మేస్త్రి, "ఇంత చిన్న నోట్లో కట్టెలెలా పడతాయండీ బాబూ, పాపం పొయ్యికి ఆకలేస్తదండి" అన్నాడు. కట్టెలు బొటనవేలి లావున చీల్చుకోవాలి, వేరే దారి లేదు. ఆ చీల్చే శ్రమను లెక్కలో కలపకుండా ఈ పొయ్యిని మెచ్చుకునేవాళ్ళను నమ్మకండి.

ఫలితం: 1.9 కిలోలు, 16 శాతం. ఇంత కట్టీ వచ్చింది అంతే. మొదటి పావుగంట నీళ్ళు కదలనే లేదు. స్నానాలు అయిపోయిన గంట తరవాత కూడా పొయ్యి గోడ మీద చెయ్యి పెట్టలేకపోయాం. వేడి ఎక్కడికి పోయిందో దాంతో తెలిసిపోయింది. గూడు చుట్టూ ఉన్న 14 ఇటుకలు ఒక్కోటి 3 కిలోలు, మొత్తం 42. అవి సగటున 150 డిగ్రీలు వేడెక్కాయనుకున్నా 5.3 మెగాజౌళ్ళు తాగేశాయి. నీళ్ళకు కావలసిందే నాలుగున్నర. అంటే మేం నీళ్ళ కంటే ఎక్కువగా ఇటుకలు కాచాం. రోజంతా వంట సాగే పొయ్యికి ఇది పెద్ద లోపం కాదు. రోజుకు ఒక్కసారి వెలిగించే నీళ్ళ పొయ్యికి మాత్రం బరువైన గోడ దండగ.

80 ఇటుకలు 720, ఇనప పలక 180. ఖర్చు ఇప్పటికి: 1,950

రెండో దశ: కుమ్మరి గొట్టం, ఊక బూడిద

లోపలి గూడు తేలిగ్గా ఉండాలి, దాని చుట్టూ వేడిని పోనివ్వనిది ఏదైనా ఉండాలి. రెండోదానికి మా చుట్టుపక్కల కరువు లేదు. రైసు మిల్లుల బాయిలర్ల దగ్గర ఊక బూడిద గుట్టలుగా పడి ఉంటుంది. అందులో అధిక భాగం సిలికా, మధ్యమధ్య గాలి. ఉచితంగానే ఇచ్చారు, ఆటో కిరాయి 150. నల్లగా ఉన్న బూడిదలో ఇంకా బొగ్గు ఉంటుంది, తెల్లబడి బూడిద రంగుకు తిరిగినదే ఏరుకోండి. నింపేటప్పుడు మూతికి గుడ్డ తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

గొట్టం కోసం కుమ్మరి ఇంటికి వెళ్ళాం. లోపల 5 అంగుళాలు, గోడ మందం ముప్పావు అంగుళం, పక్కన చదరపు నోరు. కుండల మట్టితోనే చేసి కాల్చి ఇచ్చాడు, 350 రూపాయలు. మొదటి పెద్ద మంటకే నోటి మూల దగ్గర టప్పుమని చీలి, చీలిక పై అంచు దాకా పాకింది.

ముక్కలు పట్టుకెళ్ళి చూపిస్తే ఆయనకు విషయం వెంటనే తెలిసింది. కుండకు మూలలు ఉండవు. పైగా అది నలువైపులా ఒకేలా వేడెక్కుతుంది. ఇక్కడ ఒక పక్క నిప్పు, ఇంకో పక్క చల్లగాలి. మూల ఉన్నచోటే బిగువంతా చేరుతుంది. రెండోసారి మార్చినవి:

1. చదరపు నోటి బదులు గుండ్రటి నోరు.
2. నిలువు గొట్టం, అడ్డ గొట్టం వేర్వేరు ముక్కలు. అతుకులో మట్టి, బూడిద కలిపిన ముద్ద. దేనికదే సాగుతుంది, దేనికదే ముడుచుకుంటుంది.
3. రెండు పాళ్ళు మట్టికి ఒక పాలు పాత పెంకుల పొడి, గుప్పెడు ఊక. ఒకసారి కాలిన పెంకు మళ్ళీ ముడుచుకోదు కాబట్టి పగుళ్ళు తగ్గుతాయి. ఊక కాలిపోయి సన్నటి రంధ్రాలు మిగులుతాయి.

ఈ జత 500 అయింది. మొత్తం బరువు 7 కిలోలు. లోపలి ఇటుకలు తీసేసి, గొట్టానికీ బయటి గోడకీ మధ్య నాలుగు అంగుళాలు బూడిద పోశాం. వాడకం మొదలయ్యాక బూడిద సర్దుకుని మూడు అంగుళాలు దిగింది, పైన ఖాళీ ఏర్పడింది. మళ్ళీ నింపి, పైన మట్టితో మూయడానికి ముందు కొన్నాళ్ళు తెరిచి ఉంచితే మంచిది. ఇప్పటికి గొట్టం మీద ఒక వెంట్రుక గీత ఉంది, పెరగడం లేదు.

ఫలితం: 1.35 కిలోలు, 22 శాతం. బయటి గోడ మీద చెయ్యి ఆనించి కూర్చోవచ్చు.

ఖర్చు ఇప్పటికి: 2,950

మూడో దశ: డేగిసా చుట్టూ రేకు

మొత్తం పనిలో రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. మీ ఇంట్లో ఏ పొయ్యి ఉన్నా ముందు ఇది చేయండి.

వేడి గాలి డేగిసా అడుగును తాకి పక్కకు జారిపోతుంది. గిన్నె పక్కలను ఒరుసుకుంటూ పైకి పోయేలా చుట్టూ 24 గేజి రేకు కట్టాలి. సందు ఎంతన్నదే ప్రశ్న. పొయ్యిలో, డేగిసా చుట్టూ పొగ వెళ్ళే దారి ఎక్కడా మట్టి గొట్టం కంటే ఇరుకు కాకూడదు. 5 అంగుళాల గొట్టం వైశాల్యం 127 చదరపు సెం.మీ. డేగిసా వెడల్పు 40 సెం.మీ., చుట్టుకొలత 126. భాగిస్తే ఒక సెంటీమీటరు. ఇదే లెక్క గొట్టం పై అంచు దగ్గర వేస్తే, దాని చుట్టుకొలత 40 కాబట్టి, అంచుకీ డేగిసా అడుగుకీ మధ్య 3.2 సెం.మీ. ఉండాలి.

కాగితం మీద 10 మి.మీ. సరిపోయింది, పొయ్యి దగ్గర సరిపోలేదు. మా డేగిసాకు నొక్కులున్నాయి, దానికి తోడు మసి పేరుకుంటుంది. ఒక పక్క సందు పూడుకుపోయి పొగ నోట్లోంచి వెనక్కి తన్నింది. 25 మి.మీ. పెడితే పొగ బాగానే పోయింది, వేడి కూడా దాంతోపాటే పోయింది: 1.25 కిలోలు. 15 మి.మీ. దగ్గర 1.05 కిలోలు, 29 శాతం, అరగంట లోపే. మూడు చోట్ల 15 మి.మీ. ఊచ ముక్కలు రేకు లోపలికి వెల్డింగ్ చేయించాను, డేగిసా ఎవరు పెట్టినా మధ్యలోనే కూర్చుంటుంది.

రేకు 450, వెల్డింగ్ 200. ఖర్చు ఇప్పటికి: 3,600

నాలుగో దశ: పొగగొట్టం

ఇక్కడ ఆగిపోయి ఉంటే అంకె అందంగా ఉండేది. కానీ మంట బాగా మండినా కొంత పొగ వసారాలోకే వస్తోంది, వెలిగించేటప్పుడు మరీను.

పొగగొట్టపు పొయ్యి మనకు కొత్తదేం కాదు. 1950ల నాటికే హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో ఎస్.పి. రాజు మట్టితో పొగగొట్టపు పొయ్యి తయారుచేశారు. 1980ల్లో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం పెట్టి 2002 దాకా నడిపింది. ఈలోగా 1999లో దీపం పథకం కింద గ్యాసు వచ్చింది. పొయ్యిలు పోయాయి, కొన్ని ఇళ్ళ కప్పుల మీద గొట్టాలు మాత్రం మిగిలాయి. అప్పుడు కట్టించుకున్నవాళ్ళను అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: గొట్టం మసితో పూడుకుపోయింది, శుభ్రం చేయడానికి దారి లేదు. అందుకే మా గొట్టానికి అడుగున ముందే చిన్న తలుపు పెట్టించాను.

ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టం వద్దు. వేడికి పగులుతుంది, కోసినప్పుడు లేచే దుమ్ము ప్రమాదకరం. 4 అంగుళాల జీఐ (జింకు పూత) రేకు గొట్టం చేయించాం. ఉప్పుగాలికి ఇదీ తుప్పు పడుతుంది. కొన్నేళ్ళకు మార్చాల్సిందేనని ముందే అనుకున్నాం.

ఎదురైన చిక్కులు, వచ్చిన వరసలో:

*వాసాలు.* ఒంటి రేకు గొట్టానికీ కలపకూ మధ్య 18 అంగుళాలు ఉండాలన్నది బయటి దేశాల్లో పాటించే నియమం. మా వాసాల మధ్య ఖాళీయే రెండడుగులు. గొట్టం నడిమధ్యన వెళ్ళినా రెండు పక్కలా పది అంగుళాలే మిగులుతాయి. అటక నుంచి కప్పు దాకా 8 అంగుళాల ఇంకో గొట్టం తొడిగాం, మధ్యలో గాలి. లోపలి గొట్టం 190 డిగ్రీలు ఉన్నప్పుడు బయటిది 62, పక్క వాసం 41. ఈ కొలత తీయకుండా ఎవరూ రోజువారీ వాడకం మొదలుపెట్టకండి.

*వాన.* గొట్టం చుట్టూ జింకు రేకును పెంకుల పైనే పరిచి అంచులకు సిమెంటు పూశారు. గొట్టం వేడికి సాగుతుంది, సిమెంటు సాగదు. అది చిట్లి మొదటి వానకే నీళ్ళు గొట్టం వెంట పొయ్యిలోకి దిగాయి. మళ్ళీ విప్పి, రేకు పై అంచును ఎగువ పెంకుల కిందకు దోపి, కింది అంచును దిగువ పెంకుల మీదకు వదిలాం. గొట్టానికి రేకుతోనే గొడుగులా ఒక పట్టీ బిగించాం. సిమెంటు చుక్క కూడా వాడలేదు, కారడం లేదు.

*చల్ల గొట్టం.* తెల్లవారుజామున గొట్టం చల్లగా ఉండి పొగ పైకి ఎక్కదు. అడుగు తలుపు తీసి ఎండిన కొబ్బరాకు ఒకటి అందులో వెలిగించాలి. నోటి దగ్గర అగరవత్తి పొగ లోపలికి వంగగానే అసలు మంట పెట్టాలి.

*ఎదురుగాలి.* వసారా కప్పు మండువా కొప్పు కంటే తక్కువ ఎత్తులో ఉంది. సముద్రపు గాలి కొప్పు దాటి కిందికి పడ్డప్పుడు పొగ వెనక్కి వచ్చేది. గొట్టం మూడడుగులు పెంచి, తీగలతో లాగి కట్టి, పైన టోపీ పెట్టాక ఆగింది.

*మరీ ఎక్కువ లాగుడు.* ఎత్తు పెంచాక గొట్టంలో వేడి 310 డిగ్రీలకు పోయింది. కట్టె వాడకం మళ్ళీ 1.35కి ఎక్కింది. మధ్యలో తిప్పే పలక ఒకటి పెట్టి, మంట అందుకున్నాక సగం మూస్తున్నాం. 190 డిగ్రీలు, 1.2 కిలోలు, 25 శాతం. ఆ పలకలో పావు వంతు కోసేయించాను. ఎవరైనా పూర్తిగా తిప్పేసినా దారి మూసుకుపోదు. బొగ్గు మండుతుండగా గొట్టం మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది, దానికి వాసన ఉండదు.

29 నుంచి 25కి దిగినందుకు నాకు బాధ లేదు. అమ్మ ఇప్పుడు పొయ్యి ముందు కూర్చుని పేపరు చదువుతోంది.

గొట్టం 2,600, పై తొడుగు 700, టోపీ 300, జింకు రేకు, కూలి 1,100, పలక 150. ఖర్చు ఇప్పటికి: 8,450

ఐదో దశ: ఏం కాలుస్తున్నాం

వానలు పట్టాక అంకెలన్నీ తలకిందులయ్యాయి. అదే పొయ్యి, అవే నీళ్ళు, కట్టె రెట్టింపు. చిన్న పరీక్ష చేయండి: 100 గ్రాముల డొక్క తూచి, వేడి పెనం మీద మాడకుండా ఆరబెట్టి, బరువు తగ్గడం ఆగాక మళ్ళీ తూచండి. పెరట్లో తడిసినది 62 గ్రాములు తేలింది. అంటే కిలోకి 380 గ్రాములు నీళ్ళే. వాటిని ఆవిరి చేయడానికే ఒక మెగాజౌలు కావాలి. మిగిలిన పీచులో ఎలాగూ తక్కువే ఉంటుంది కాబట్టి చేతికొచ్చేది కిలోకి 10 మెగాజౌళ్ళు.

పూర్తయిన పొయ్యి మీద, అవే 30 లీటర్లకు:

- సరుగుడు చీలికలు: 1.2 కిలోలు
- చిప్పలు: 1 కిలో. గొప్ప వేడి, కానీ జిడ్డు మసి. పావు వంతు మించి కలపను.
- ఆరిన మట్టలు, చీల్చినవి: 1.5 కిలోలు. భగ్గుమంటాయి, రెండు నిమిషాలకోసారి తోస్తూ ఉండాలి.
- ఆరిన డొక్కలు: 1.6 కిలోలు. నోట్లో సరిగ్గా పట్టవు, రాజుకుంటూ ఉంటాయి.
- తడి డొక్కలు: 2.7 కిలోలు, గంటకు పైగా. గొట్టంలో తారు.

మొత్తం నాలుగు దశల్లో కష్టపడి తగ్గించిన కట్టెను తడి డొక్క ఒక్క పూటలో వెనక్కి లాగేసింది. చూరు కింద, గోడకు జానెడు దూరంలో, నేలకు అడుగు ఎత్తున వెదురు తడకతో అర కట్టాం (400). డొక్కలు నాలుగు చీలికలు చేసి పీచు బయటికి ఉండేలా పేరుస్తున్నాం. వానాకాలంలో కూడా 100కి 84 దగ్గర నిలబడ్డాయి. డొక్క బూడిదలో పొటాషియం బాగా ఉంటుంది, తిరిగి కొబ్బరి చెట్ల పాదుల్లోకే పోతోంది.

ఖర్చు ఇప్పటికి: 8,850

ఆరో దశ: అటక మీది కాయలు

ఇది నా పట్టికలో లేదు, నాన్నమ్మ పట్టికలో ఉంది. "పొగంతా మింటికి పంపేస్తున్నావు, మరి కురిడీల మాటేంట్రా?"

తెలియనివాళ్ళ కోసం: ముదురు కాయలను డొక్కతోనే అటక మీద పోసి ఎనిమిది నెలల నుంచి ఏడాది దాకా వదిలేస్తాం. లోపల నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలేసి, ఊపితే గుండులా ఆడుతుంది. అంబాజీపేట మార్కెట్లో కురిడీకి వేరే ధర. కింద పొయ్యి పొగ, వేడి వాటికి అంతకాలం చేసిన మేలు అటకకు పొగ ఆగాక గానీ తెలియలేదు. తేమ కొలిచే చిన్న మీటరు 250 పెట్టి కొన్నాను. అటక మీద తెల్లవారుజామున 86 శాతం. కొన్ని కాయల ముచ్చికల దగ్గర బూజు కనిపించింది.

రెండు గొట్టాల మధ్య గాలి ఎటూ వేడెక్కుతోంది. పై తొడుగుకు అడుగున, అటక ఎత్తున రంధ్రాలు వేయించాను. కింద చల్లగాలి దూరి, పైన వెచ్చగా అటక మీద బయటపడుతుంది. ఇది పొగ కాదు, ఉత్త గాలి. పొయ్యి మండే సేపు రంధ్రాల వైపు తేమ 71కి దిగుతోంది, సాయంత్రానికి మళ్ళీ పెరుగుతోంది. పీచు ఉన్న కాయలు తొడుగుకు రెండడుగుల లోపలికి దొర్లకుండా ఇనప జాలీ కట్టాం (300). బూజు కొత్తగా రాలేదు. గుండు ఆడటానికి ఇంకా నెలలున్నాయి, నాన్నమ్మ మాత్రం ఇప్పటికే రెండు కాయలు ఊపి పెదవి విరిచింది.

పొగ లేకపోతే తాటి వాసాలకు పురుగు కూడా పట్టొచ్చు. జీడి తొక్క నూనె పూద్దామని ఉంది, కానీ అది బాగా మండే సరుకు. గొట్టానికి దూరంగా ఉన్న వాసాలకు మాత్రమే, అదీ పొయ్యి వాడని వేసవిలో.

ఖర్చు ఇప్పటికి: 9,400

ఇప్పుడు నడుస్తున్నది

వారానికోసారి డేగిసా పక్కల మసి గీకడం, పది రోజులకు అడుగు తలుపు తీయడం, నెలకోసారి తాడుకు కట్టిన కొబ్బరి పీచు ఉండ గొట్టంలోకి పైనుంచి దించి లాగడం. నెల మసి 140 గ్రాములు, తడి డొక్కలు కాల్చిన నెలలో 400.

డొక్కలే ప్రధానంగా కాల్చేవాళ్ళు మా 5 అంగుళాల నోరు కాపీ చేయకండి. కుమ్మరికి 6 అంగుళాల గొట్టం చెప్పాను. దానికి వైశాల్యం 182 చదరపు సెం.మీ., అదే డేగిసాకు లెక్క ప్రకారం సందు 14.5 మి.మీ., నొక్కులకు, మసికి కలిపి 20 పెడుతున్నాను. గూడు ఎత్తు 16 అంగుళాలు. కుండలు కాల్చే ఆవంలో ఈసారి రెండు జతలు పెట్టమన్నాను, ఒకటి పగిలినా పని ఆగకుండా.